జిగురు రహిత పొన్నలంక

పొన్నలంక మునిసిపాలిటీ జిగురు మీద యుద్ధం ప్రకటించిన వేళకి పాలిష్ మేస్త్రి అప్పలాచారి ఇంట్లో కూర్చుని చారన్నం తింటున్నాడు. ఆ యుద్ధంతో తనకేమైనా పని ఉంటుందని అతను అనుకోలేదు. ముప్పై నాలుగేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తలుపులకీ మంచాలకీ లక్క పాలిష్ పెట్టడమూ, పాతవాటి మీద మరకలూ జిగుర్లూ తీయడమూ అతని పని. దాన్ని యుద్ధమంటారని అతనికి ఎవరూ చెప్పలేదు.

యుద్ధానికి కారణం చిన్నది కాదు. పట్టణ పరిశుభ్రత చూడడానికి రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. బండివీధిలో ఆయనకి శాలువా కప్పి, ఫొటో కోసం మంగాయమ్మగారి టేకు తలుపుకి ఆనుకుని నిలబడమన్నారు. ఆ తలుపు మీద జనాభా లెక్కలవాళ్ళ స్టిక్కరు, దాని మీద దోమల సర్వే స్టిక్కరు, దాని మీద కుళాయి స్టిక్కరు, పక్కన గ్యాసువాళ్ళదీ కేబుల్‌వాళ్ళదీ ఉన్నాయి. కాగితాలు ఎప్పుడో చిరిగిపోయాయి, జిగురు మాత్రం ఎండకి కరిగి తాజాగా ఉంది. ఫొటో అయింది. అధికారి ముందుకు నడిచారు. శాలువా నడవలేదు. కమిషనరూ, ఇద్దరు గుమాస్తాలూ, ఒక వార్డు మెంబరూ కలిసి పట్టి లాగితే శాలువా వచ్చింది గానీ దాని జరీ అంచు మంగాయమ్మగారి తలుపు మీదే ఉండిపోయింది. అధికారి కారెక్కుతూ, "ఏమిటయ్యా ఇది, మీ ఊళ్ళో తలుపులు మనుషుల్ని వదలవా?" అన్నారు.

ఆ ఒక్క మాటకి కమిషనర్ పరాంకుశరావుగారికి మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజున ఉత్తర్వు వెలువడింది.

"పట్టణ పరిధిలోని సమస్త దారు నిర్మిత ఉపరితలములపై గల ప్రాచీన, అర్వాచీన జిగురు అవశేషములను తొంబది దినములలో సమూలముగా నిర్మూలించి, పొన్నలంకను దేశములోకెల్ల ప్రథమ జిగురు రహిత పట్టణముగా తీర్చిదిద్దవలెను."

దారు నిర్మిత ఉపరితలమంటే తలుపేనని ఆఫీసు అటెండరు వచ్చినవాళ్ళందరికీ విడమరిచి చెప్పాడు. ఊళ్ళో తలుపుల మీదున్న స్టిక్కర్లలో నూటికి డెబ్బై మునిసిపాలిటీవాళ్ళు అంటించినవే. ఈ సంగతి ఉత్తర్వులో లేదు, అటెండరూ చెప్పలేదు.

జిగురు గురించి తెలిసినవాడు ఊళ్ళో ఎవడని వెతికితే అప్పలాచారి దొరికాడు. అతన్ని మునిసిపల్ హాలుకి పిలిపించారు. హాలు తలుపుకే పాత టెండరు నోటీసుల జిగురు రెండు వేళ్ళ మందాన ఉంది. దాని మీదే చేసి చూపించమన్నారు.

"పెద్ద పనేం కాదండి," అన్నాడు అప్పలాచారి. "కొబ్బరినూనె గోరువెచ్చగా కాచాలండి. పాత బనీను గుడ్డ అందులో ముంచి జిగురు మీద పరవాలండి. ఓ అరగంట దాని జోలికి పోకూడదండి. ఆనక వెదురు బద్ద పడుకోబెట్టి, చెక్క మీద గీతలు ఎటు నడుస్తున్నాయో అటే తోసుకుంటా పోవాలండి. ఎదురు తోశామంటే పాలిష్ లేచిపోద్దండి. జిగురొచ్చేశాక సబ్బునీళ్ళ గుడ్డతో ఓసారి, పొడిగుడ్డతో ఓసారి. అంతేనండి."

"ఆ అరగంటా ఏం చేస్తారు?" అని అడిగారు పరాంకుశరావుగారు.

"ఏం చేయమండి. ఊరుకుంటామండి."

కమిషనర్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఊరుకోవడాన్ని ప్రభుత్వ కార్యక్రమంలో ఎలా చూపిస్తామండీ?"

అప్పలాచారి నూనె కాచాడు. గుడ్డ పరిచి, అరగంట ఊరుకుని, జిగురు తీసి చూపించాడు. తలుపు మీద టేకు గీతలు పెళ్ళినాటి పట్టుచీరలా బయటపడ్డాయి. అందరూ వచ్చి చెయ్యి వేసి నిమిరి, భలే ఉందన్నారు. ఆ సాయంత్రం సమావేశ తీర్మానం ఇలా రాశారు: "స్థానిక సంప్రదాయ విజ్ఞానమును కమిటీ అభినందించింది. అయితే సదరు పద్ధతియందు నిరీక్షణాంశము హెచ్చుగాను, కార్యాచరణాంశము తక్కువగాను ఉన్నందున ఆధునిక పద్ధతిని అవలంబించుటకు నిర్ణయించడమైనది." అప్పలాచారిని గౌరవ సాంకేతిక సలహాదారుగా నియమించి, చొక్కాకి పెట్టుకోమని ఒక బిళ్ళ ఇచ్చారు. ఆ తరవాత నెల దాటేదాకా అతన్ని ఎవరూ సలహా అడగలేదు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, అలవాటు కొద్దీ అద్దం ముందు నిలబడి తల దువ్వుకున్నాడు. గోడకున్న ఆ నిలువుటద్దం చట్రం అతను పెళ్ళైన కొత్తలో తన చేత్తో చేసింది. మంచి టేకు, ఏడు పూతలు లక్క పాలిష్. భార్య వరహాలు స్నానానికి వెళ్ళేముందు నుదుటి మీది బొట్టు బిళ్ళ తీసి ఆ చట్రానికి అంటించేది. వచ్చాక కొత్తది పెట్టుకునేది. పాతది అక్కడే ఉండిపోయేది.

"ఏడు పూతలు పెట్టానే దానికి! ఏడు!" అని అతను మొత్తుకునేవాడు.

"ఊరందరి జిగురూ తీస్తారు కదా, నా నాలుగు బిళ్ళలు తియ్యడానికేనా మీకంత కట్టం?" అనేది ఆవిడ.

ప్రతి దీపావళి ముందూ అతనే నూనె కాచి ఆ బిళ్ళలు తీసి చట్రం తుడిచేవాడు. మర్నాటి నుంచి ఆవిడ మళ్ళీ మొదలుపెట్టేది. రెండేళ్ళ కిందట, దీపావళి ఇంకా నెల ఉందనగా, వరహాలు జ్వరమని ఆస్పత్రికి వెళ్తూ బిళ్ళ తీసి చట్రానికి పెట్టింది. మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ దీపావళికి అప్పలాచారి నూనె కాచలేదు. తరవాతి దీపావళికీ కాచలేదు. రాలినవి రాలిపోగా మిగిలినవి మొత్తం పదకొండు బిళ్ళలు, అన్నీ కుంకుమ రంగువే. పది ఒక వరసలో ఉన్నాయి. పదకొండోది జానెడు కిందకి ఉంది, అప్పటికి ఆవిడ చెయ్యి పైకి లేచేది కాదు. అద్దంలో తన మొహం కన్నా అతను ముందు చూసుకునేది ఆ పదకొండోదాన్నే.

నగరం నుంచి నీలం డ్రమ్ముల్లో ద్రావకం వచ్చింది. దాని పేరు ద్రావకం ఏడు. మొదటి ఆరూ ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. మూతికి గుడ్డలు కట్టుకున్న మనుషులు ఇనప రేకులు పట్టుకుని వీధుల్లో దిగారు. ప్రారంభోత్సవం మంగాయమ్మగారి తలుపుకే చేశారు. రిబ్బను కట్టారు. దాన్ని స్టిక్కరుతో అంటించబోతే ఎవరో గుర్తుచేసి మేకు కొట్టించారు. ద్రావకం పడగానే జిగురు కరిగింది, జరీ అంచు కరిగింది, ఆవిడ నాన్నగారి కాలం నాటి పాలిష్ కరిగింది, రేకు గీకుడికి చెక్క కూడా గోరు మందాన లేచింది. తలుపు మధ్యలో బొల్లి మచ్చలాంటి తెల్లటి పలక తేలింది.

"ఇదేంటి ఆచారీ, నా తలుపుకి జబ్బు చేసినట్టుందేంటి?" అంది మంగాయమ్మగారు. ఆవిడకి డెబ్బై దాటాయి, ఎవరి మాటా పడే మనిషి కాదు.

"నన్నడగలేదండి పిన్నిగారూ," అన్నాడు అప్పలాచారి, చొక్కా మీది సలహాదారు బిళ్ళని చేత్తో మూసుకుంటూ.

జిగురు పోయిందో లేదో తేల్చడానికి దూది పరీక్ష పెట్టారు. చెక్క మీద దూది ఉండ వేసి అదిమి వదలాలి. జారి పడితే జిగురు లేనట్టు, నిలిస్తే ఉన్నట్టు. ఈ పరీక్షలకి వార్డు సచివాలయంలో పనిచేసే సత్యవేణిని జిగురు తనిఖీ అధికారిగా వేశారు. పాతికేళ్ళ పిల్ల, నెమ్మదస్తురాలు. చెప్పిన పని చెప్పినట్టు చేసేది, చెప్పనిది చేసేది కాదు. భుజాన దూది సంచీ, చేతిలో నోటీసుల కట్టా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది.

జిగురున్న తలుపులకి నోటీసు ఇవ్వాలి. ఇంటివాళ్ళు ఇంట్లో ఉన్నా లేకపోయినా నోటీసుని తలుపుకే అంటించాలని నియమం. మంగాయమ్మగారి తలుపు మీద ద్రావకం పోగా మూల ఎక్కడో కాస్త జిగురు మిగిలింది. నోటీసు అంటించారు. వారం పోయాక వచ్చి దూది వేస్తే, నోటీసు చిరిగిన చోట దూది నిలిచింది. రెండో నోటీసు అంటించారు. మూడోవారానికి ఆ తలుపు మీద ఉన్న జిగురంతా నోటీసులదే.

ఆవిడ తరఫున అప్పలాచారి ఆఫీసుకి వెళ్ళి కమిషనర్‌గారికి విన్నవించుకున్నాడు. "బాబుగారండి, మీరు అంటించిన జిగురుకి ఆవిడకి మళ్ళీ నోటీసు ఇస్తన్నారండి."

పరాంకుశరావుగారు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. రెండు రోజులు ఆలోచించి వివరణ ఉత్తర్వు జారీ చేశారు. "జిగురు రెండు విధములు. ఒకటి పౌర జిగురు, రెండు పరిపాలనా జిగురు. శాఖ అంటించిన కాగితము, దాని జిగురు, దానికి అంటియున్న సమస్తమును శాఖ ఆస్తిగా పరిగణించబడును. అది తనిఖీ పరిధిలోనికి రాదు. దానిని కదుపువారు శిక్షార్హులు."

దాంతో మంగాయమ్మగారి సమస్య తీరిపోయింది. ఆవిడ తలుపు జిగురు లేని తలుపుల జాబితాలోకి ఎక్కింది. నోటీసులు మాత్రం మూడూ అలాగే ఉన్నాయి. చీపురు పొరపాటున తగిలినా నేరమవుతుందని ఆవిడ పెరటి గుమ్మంలోంచి రాకపోకలు పెట్టుకుంది.

నెల తిరిగేసరికి వీధి తలుపులు అయిపోయాయి. అక్కడితో ఆగవచ్చు. కానీ సమీక్షా సమావేశంలో ఒక ఇంజనీరు లేచి, చెక్క వీధి గుమ్మంతో ఆగిపోదు గదా అన్నాడు. నిజమే, ఆగిపోదు. లోపలి తలుపులు, కిటికీలు, మంచాలు, బీరువాలు, చపాతీ పీటలు కూడా తనిఖీలోకి వచ్చాయి. ఇంకో ఇంజనీరు, చెక్కకీ చెక్కకీ మధ్య అతుకుల్లో ఉండేది జిగురేనన్నాడు. అదీ నిజమే. ఊళ్ళో కుర్చీల కాళ్ళు ఊడదీసి అతుకులు చూడడం మొదలైంది. ఊడిన కుర్చీని మళ్ళీ బిగించాలంటే జిగురు పెట్టాలి, జిగురు పెడితే నేరం. జనం చాపలకి అలవాటు పడ్డారు.

ప్లైవుడ్ సంగతి తేల్చడానికి ప్రత్యేకంగా ఉపసంఘం వేశారు. గౌరవ సలహాదారుని మొదటిసారిగా పిలిచి, ప్లైవుడ్‌లో జిగురు ఎంత ఉంటుందని అడిగారు.

"పొరకీ పొరకీ మధ్య జిగురేనండి. జిగురు తీసేస్తే మిగిలేది పొట్టండి," అని ఉన్నమాట చెప్పాడు అప్పలాచారి. తను చెప్పిన సలహాల్లో పాటించేది ఇదొక్కటేనని తెలిస్తే చెప్పేవాడు కాదు.

మర్నాడు మునిసిపల్ ఆఫీసులో బల్లలన్నీ ప్లైవుడ్‌వేనని తేలింది. చట్టం ముందు అందరూ సమానమేనని కమిషనర్‌గారు తన బల్లని తనే ముందుగా బయట పెట్టించారు. దాన్ని పేపర్లో వేశారు. ఆఫీసు అంతా నేల మీద జంపకానాలు పరుచుకుని ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని రాసుకోసాగింది. జనన మరణ ధ్రువపత్రాల గుమాస్తాకి మోకాళ్ళ నొప్పులు. అందుకని ఆ విభాగంలో కొన్నాళ్ళు ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు.

పరీక్ష నెగ్గిన ప్రతి ఇంటికీ "జిగురు రహిత ధ్రువపత్రం" ఇవ్వాలని నిర్ణయించారు. చేతికిస్తే ఎక్కడో పెట్టి మర్చిపోతారని, చెక్కకే అంటించాలన్నారు. స్టిక్కర్లలా చిరిగి పరువు తీయకుండా ముప్పై ఏళ్ళు నిలిచే జిగురు విదేశాల నుంచి తెప్పించారు. ఏ చెక్క మీద చివరిసారిగా జిగురు కనిపించిందో సరిగ్గా అక్కడే అంటించాలి. పత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "ఈ పత్రమును చింపుట, గీకుట, కప్పుట, సదరు చెక్కపై లేకుండా చేయుట, దీనికి అంటియున్న ఏ భాగమునైనను వేరుచేయుట శిక్షార్హము." ఊడదీయుట అన్న మాట కూడా వేద్దామని ఒక గుమాస్తా అన్నాడు గానీ, ఆ జిగురు ఊడడమనేది అసాధ్యం కనక వ్యర్థ పదమని కొట్టేశారు.

ఎనభై రెండో రోజున సత్యవేణి అప్పలాచారి ఇంటికి వచ్చింది. తలుపు, కిటికీ, మంచం, పీట, పనిముట్ల పెట్టె అన్నిటి మీదా దూది జారి పడింది. మేస్త్రి ఇల్లు గదా అనుకుంటూ ఆ అమ్మాయి అద్దం దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"ఇవేంటండి బాబాయిగారూ?"

"మా ఆవిడవమ్మా."

సత్యవేణి తన నుదుటి మీది బిళ్ళని వేలితో ఒకసారి సర్దుకుంది. దూది మాత్రం వేసింది. ఒక బిళ్ళ అంచున చట్రం మీద దూది నిలిచింది. "వారం టైముందండి," అంది నేల చూస్తూ. "తియ్యకపోతే చట్రం జిగురు డిపోకి పట్టుకుపోవాలండి. రూలండి. నేను రాసిందైతే కాదండి."

నోటీసు చేతికే ఇచ్చింది. తలుపుకి అంటించలేదు. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరాక నియమం తప్పింది అప్పుడే.

డిపో అంటే పాత పశువుల బందెలదొడ్డి. అక్కడికి వెళ్ళిన చెక్క ద్రావకం తొట్లో మునుగుతుందని అందరికీ తెలుసు. అప్పలాచారి మర్నాడే ఆఫీసుకి పరుగెత్తాడు. కమిషనర్‌గారు జంపకానా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. అతను ఎదురుగా చతికిలబడి సంగతంతా చెప్పాడు.

"మీ బాధ నాకు అర్థమైంది ఆచారిగారూ," అన్నారు పరాంకుశరావుగారు. నిజంగానే అర్థమైనట్టు ఆయన మొహం ముడుచుకుంది. "మినహాయింపులు మూడే రకాలు. మతసంబంధమైనది, చారిత్రకమైనది, పరిపాలనా సంబంధమైనది. మీది దేవుడి బొట్టు కాదు కదా?"

"కాదండి. మా ఆవిడదండి."

"అయితే చారిత్రకం కింద చూద్దాం. చారిత్రకానికి నూరేళ్ళు ఉండాలి. ఇవి అంటించి ఎంతకాలమైంది?"

"రెండేళ్ళండి."

కమిషనర్‌గారు వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. "ఇంకొక్క తొంభై ఎనిమిదేళ్ళు పోయాక దరఖాస్తు పెట్టుకోండి. నేను అనుకూలంగానే రాస్తాను. నోట్ చేసి పెడతాను కూడా."

నోట్ చేసి పెట్టారు కూడా.

వారంలో ఆరు రోజులు గడిచిపోయాయి. ప్రతిరోజూ అప్పలాచారి నూనె వెచ్చచేశాడు. గుడ్డ ముంచాడు. అద్దం ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. గుడ్డ బిళ్ళల దాకా వెళ్ళేది, అక్కడ ఆగేది. ఊరంతటి జిగురూ తీసిన చెయ్యి జానెడు దూరం కదల్లేదు. తను తీస్తే తన చేత్తోనే వరహాలుని రెండోసారి సాగనంపినట్టు అనిపించింది. తీయకపోతే వాళ్ళు చట్రంతో సహా తొట్లో ముంచుతారు. నూనె చల్లారిపోయేది. దాన్ని తలకి రాసుకుని లేచేవాడు.

తొంభయ్యో రోజు మధ్యాహ్నం మూడున్నరకి అతని వాకిట్లో జీపు ఆగింది. కమిషనర్‌గారు, ఫొటోగ్రాఫరు, ఇద్దరు గుమాస్తాలు, వెనక సత్యవేణి దిగారు. ఊళ్ళో ఆరువేల రెండువందల పద్నాలుగు ఇళ్ళు. పత్రం అంటించని ఇల్లు ఇదొక్కటే. నాలుగింటికి రాజధానిలోని పెద్ద అధికారికి నూటికి నూరు శాతం పూర్తయిందని ఫోనులో చెప్పాలి.

"ఇంకా తియ్యలేదా?" అన్నారు కమిషనర్‌గారు అద్దం చూసి.

"చెయ్యి రాలేదండి," అన్నాడు అప్పలాచారి.

చట్రం డిపోకి పంపితే ఈ ఇల్లు పెండింగులో పడుతుంది, తొంభై తొమ్మిది చిల్లర శాతం అవుతుంది. బిళ్ళలు ఇప్పుడు తీయిస్తే అరగంట ఊరుకోవాలి. పరాంకుశరావుగారు గడియారం చూశారు, ఉత్తర్వు గుర్తుచేసుకున్నారు, ఒక నిర్ణయానికి వచ్చారు. "జిగురు చివరిసారి కనిపించిన చోటే కదా పత్రం అంటించాల్సింది? ఇక్కడే కనిపించింది. ఇక్కడే అంటించండి."

"సార్, వాటి మీదేనాండి?" అంది సత్యవేణి.

"వాటి మీదే. ఆ తరవాత కనిపించేది పరిపాలనా జిగురే."

అప్పలాచారి అడ్డం వెళ్ళబోయాడు. గుమాస్తా అప్పటికే వెనక కాగితం ఒలిచేశాడు. మూడు జానల పత్రం, పైన రాజముద్ర, పదకొండు బిళ్ళల మీద ఒక్కసారిగా పడింది. గుమాస్తా దాన్ని అరచేత్తో బాగా అదిమాడు. పైన దూది వేస్తే జారి పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటోలో అప్పలాచారి కూడా ఉన్నాడు, కమిషనర్‌గారు అతని భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నారు. అయిదు నిమిషాలు తక్కువ నాలుగుకి జీపు వెళ్ళిపోయింది.

పొన్నలంక దేశంలోకెల్లా మొదటి జిగురు రహిత పట్టణమైంది. దానికి గుర్తుగా ఇంటికి ఒకటి చొప్పున ఆరువేల రెండువందల పద్నాలుగు తలుపులకీ చట్రాలకీ ముప్పై ఏళ్ళ జిగురు అంటుకుని ఉంది.

మర్నాడు అన్నం వేళ దాటాక అప్పలాచారి తలుపు గడియ వేసి, పావుసేరు కొబ్బరినూనె కాచాడు. విదేశీ జిగురు గురించి అతనికి తెలియదు. కానీ ముప్పై నాలుగేళ్ళలో నూనెకీ ఓపికకీ లొంగని జిగురుని చూడలేదు. పత్రం నాలుగు అంచులా నూనె గుడ్డ చుట్టి ఊరుకున్నాడు. అరగంట కాదు, మూడు గంటలు ఊరుకున్నాడు. అంచు కాస్త మెత్తబడింది. వెదురు బద్దని చాకుతో రేకంత పలచగా చెక్కి, టేకు గీతల వెంటే, వెంట్రుకవాసి చొప్పున లోపలికి పంపాడు. మళ్ళీ నూనె, మళ్ళీ ఊరుకోవడం. ఇలా నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. పనిలో ఎప్పుడూ వరహాలుతో మాట్లాడుకుంటూ ఉండే అలవాటు. ఆ నాలుగు రోజులూ మాట్లాడుతూనే ఉన్నాడు. "ఉండవే, ఉండు, వచ్చేస్తన్నా. ఏడు పూతలే దానికి," అంటూ.

నాలుగో రోజు పత్రం మొత్తంగా చేతిలోకి వచ్చింది. ఎక్కడా చిరగలేదు. చట్రం కేసి చూస్తే నున్నగా, ఏడు పూతలతో మెరుస్తోంది. బిళ్ళలు లేవు. అప్పలాచారి పీట మీద కూలబడి ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకుంటుంటే ఒళ్ళో ఉన్న పత్రం బోర్లాపడింది.

బిళ్ళలు దాని వెనక ఉన్నాయి. పాత జిగురు కన్నా మునిసిపాలిటీ జిగురు గట్టిది గనక చెక్కని వదిలి దానికి అంటుకున్నాయి. పది ఒక వరసలో, పదకొండోది జానెడు కిందకి. వెనక వైపు నుంచి చూస్తున్నాడు గనక మఖమల్ నునుపు లేదు, రంగు మాత్రం ఉంది. వరస మాత్రం అటుది ఇటైంది, అద్దంలో చూసినట్టు. అతను చాలాసేపు చూశాడు. ఆ తరవాత పనిముట్ల పెట్టెలోంచి నాలుగు సన్నటి ఇత్తడి మేకులు తీసి, ఆ పత్రాన్ని మొన్న ఉన్నచోటే, ముఖం చెక్క వైపు, వీపు మన వైపు ఉండేట్టు కొట్టేశాడు.

ఏడాది తిరిగాక వార్షిక తనిఖీ అని సత్యవేణి మళ్ళీ వచ్చింది. అప్పటికి పరాంకుశరావుగారు ఇంకో ఊరికి బదిలీ అయ్యారు, అక్కడ మేకుల మీద ఏదో పని మొదలుపెట్టారని చెప్పుకుంటున్నారు. ఆ అమ్మాయి అద్దం ముందు నిలబడింది.

"పత్రం ఏదండి బాబాయిగారూ?"

"అదేనమ్మా. బోర్లించానంతే."

సత్యవేణి సంచీలోంచి నియమాల పుస్తకం తీసి గోడకి ఆనుకుని చదివింది. చింపలేదు. గీకలేదు. కప్పలేదు. సదరు చెక్క మీదే ఉంది. ఏ ముఖం ఎటుండాలో పుస్తకంలో ఎక్కడా లేదు. మేకులకి జిగురు ఉండదు. దూది తీసి చట్రం మీద వేసింది, జారి పడింది. ఒక బిళ్ళ మీద వేసింది, అక్కడ నిలిచింది.

"దూది నిలిచిందండి."

"నిలుస్తాదమ్మా. అది పత్రానికి అంటుకున్నది కదా."

ఆ అమ్మాయి వివరణ ఉత్తర్వు వెతికి తీసి, వేలితో వరసలు అనుసరిస్తూ పైకి చదివింది. "శాఖ అంటించిన కాగితము, దాని జిగురు, దానికి అంటియున్న సమస్తమును శాఖ ఆస్తి." కదుపువారి గురించిన వరసని వేలు దాటేసింది. ఆ తరవాత నేల మీద కూర్చుని, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో నిదానంగా రాసింది. "చట్రముపై జిగురు లేదు. శాఖా పత్రము యథాస్థానమున ఉన్నది. దానికి అంటియున్న పదకొండు ఎర్రని వస్తువులు శాఖ ఆస్తి. వీటిని కదుపుట, వేరుచేయుట శిక్షార్హము." సంతకం పెట్టి, ముద్ర వేసి, నకలు చింపి అతని చేతికిచ్చింది.

"ఇక వీటిని ఎవరూ తియ్యకూడదండి. దీపావళికైనా సరే, మీరు కూడా తియ్యకూడదండి," అంది, మొహంలో ఏ మార్పూ లేకుండా.

"తియ్యనమ్మా," అన్నాడు అప్పలాచారి.

అతను పుట్టి బుద్ధెరిగాక మునిసిపాలిటీ ఇచ్చిన ఉత్తర్వుల్లో మనస్ఫూర్తిగా పాటించింది అదొక్కటే.